రెండు మీటర్ల లోతు: గోదావరి డెల్టాలో బార్జీల దారి, రేవు బతుకులు

గోదావరి డెల్టాలో జలరవాణా మాట ఎత్తితే చాలు, వాదన రెండుగా చీలిపోతుంది. కాటన్ దొర తవ్వించిన కాలువల్లో ఒకప్పుడు ధాన్యం, కొబ్బరి, మనుషులు అన్నీ పడవల మీదే సాగేవనీ, ఆ దారులను మళ్లీ తెరిస్తే లారీల బెడద తగ్గి సరుకు చవకగా చేరుతుందనీ ఒక పక్షం చెబుతుంది. పెద్ద పడవలు దిగితే వలలు తెగుతాయనీ, గట్లు జారుతాయనీ, రేవును నమ్ముకున్నవారి పొట్ట కొట్టినట్టేననీ రెండో పక్షం అంటుంది. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఇరుపక్షాల చూపూ పడవ మీదే ఆగిపోవడం వల్ల అసలు చిక్కు మరుగున పడుతోంది. భారీ పడవ సాగిపోయే కొద్ది నిమిషాల్లో జరిగే నష్టం కన్నా, అది ఏడాది పొడవునా సాగడానికి వీలుగా నదినీ కాలువనూ ఒకే లోతులో, ఒకే దారిలో బిగించినప్పుడు జరిగే నష్టం చాలా పెద్దది. డెల్టాలో నీటిని నమ్ముకున్న బతుకులన్నీ ఆ నీరు పెరగడం, తగ్గడం, దారి మార్చుకోవడం చుట్టూ అల్లుకున్నవే.

ముందుగా ‘భారీ’ అంటే ఎంతో చూడాలి. సముద్రాలు దాటే నౌక గోదావరి పాయల్లోకి రాదు, వచ్చేంత లోతు ఇక్కడ లేదు. ఇక్కడ ప్రస్తావన కొన్ని వందల టన్నుల నుంచి వెయ్యి, రెండు వేల టన్నుల దాకా సరుకు మోసే బార్జీల గురించి. వెయ్యి టన్నుల స్థాయి బార్జీ నడవాలంటే నదిలో కనీసం 2 మీటర్ల లోతు, అడుగున 50 మీటర్ల వెడల్పు నమ్మకంగా ఉండాలని మన జలమార్గాల వర్గీకరణ చెబుతుంది. వెయ్యి టన్నులంటే ఇరవై టన్నుల లారీలు 50. మోకాలి లోతు నీటిలోనూ తేలే నావ మీద ఇద్దరు మనుషులు ఒక వలతో సంసారం ఈదే చోట అది భారీ పడవే.

ఈ చర్చకు ఆధారం జాతీయ జలమార్గం-4. కేంద్ర ప్రభుత్వం 2008లో దీన్ని ప్రకటించింది. కాకినాడ నుంచి రాజమహేంద్రవరం వరకు 50 కిలోమీటర్ల కాకినాడ కాలువ, అక్కడి నుంచి విజయవాడ వరకు 139 కిలోమీటర్ల ఏలూరు కాలువ, గోదావరి నదిలో భద్రాచలం, రాజమహేంద్రవరం మధ్య 171 కిలోమీటర్లు ఇందులో భాగం. ఆపైన దారి కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా పుదుచ్చేరి చేరుతుంది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం దీని మొత్తం పొడవును 2,890 కిలోమీటర్లకు పెంచింది. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన తొలి దశ మాత్రం కృష్ణా నదిలో ముక్త్యాల నుంచి విజయవాడ వరకు ఉన్న 82 కిలోమీటర్లకే పరిమితం. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి సముద్రం వైపు సాగే గౌతమి, వశిష్ఠ పాయలు ఈ మార్గంలో లేవు. కనుక డెల్టాలో భారీ పడవల ప్రభావం అనేటప్పుడు కాలువల సంగతి వేరు, పాయల సంగతి వేరు, కాకినాడ అఖాతం సంగతి వేరు. మూడింటినీ కలగలిపి మాట్లాడటం వల్లనే చాలా గందరగోళం పుడుతోంది.

కాటన్ నాటి పడవలు, నేటి బార్జీలు

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ సేద్యం కోసం మాత్రమే కట్టలేదు. సాగునీటి కాలువే రవాణా దారి కూడా కావాలన్నది ఆయన పట్టుదల. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెడితే దేశానికి ఎక్కువ మేలని ఆయన చివరిదాకా వాదించారు. అందుకే డెల్టా కాలువల మీద లాకులు వెలిశాయి. నీటిమట్టం మారే ప్రతిచోటా పడవను ఎక్కించి దించే ఆ ఏర్పాటు దశాబ్దాల పాటు పనిచేసింది. ఎగువ గోదావరిని కూడా నౌకాయానానికి మలచాలని దుమ్ముగూడెం దగ్గర మొదలుపెట్టిన పనులు మాత్రం ఖర్చు పెరిగి 1870 దశకం ఆరంభంలోనే మూలపడ్డాయి. రాళ్లూ సుడులూ ఉన్న నదిని పడవకు తగినట్టు వంచడం ఎంత కష్టమో చెప్పే తొలి పాఠం అదే. దాన్ని ఇప్పుడు ఎవరూ గుర్తు చేయరు.

కాలువల్లో తిరిగిన నాటి పడవలను గుర్తు చేసుకునేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. ఆ పడవలు తెరచాప మీద, గెడ మీద, లేదా గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషుల బలం మీద సాగేవి. అంటే వాటి వేగం మనిషి నడక. మనిషి నడిచే వేగంతో పోయే పడవ వెనుక అల లేవదు, గట్టు తడుస్తుందే గాని జారదు. పడవ నడిపే సరంగులు, తాడు లాగేవారు, లాకుల దగ్గర చిల్లర కొట్లు పెట్టుకున్నవారు, పడవలు కట్టే వడ్రంగులు ఆ రవాణా మీదే బతికారు. కోరంగి పక్కన తాళ్లరేవులోనూ, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ ఓడలు కట్టే పని సాగిన చరిత్ర ఉంది. కాబట్టి జలరవాణా వేరు, జలజీవనం వేరు అనుకోనక్కరలేదు. ఒకప్పుడు రెండూ ఒకే నీటి మీద, ఒకే కొలతలో ఇమిడాయి. ఆ కొలత దాటినప్పుడే పేచీ మొదలవుతుంది.

రోడ్లు, బస్సులు, లారీలు వచ్చాక కాలువ పడవలు అంతరించాయి. లాకుల తలుపులు పాడయ్యాయి. పడవ ఇక రాదన్న ధీమాతో కాలువల మీద తక్కువ ఎత్తున వంతెనలు కట్టేశారు. గట్ల మీద పేదల ఇళ్లు, పాకలు, చిన్న దుకాణాలు వరుసగా వెలిశాయి. ఏలూరు కాలువ గట్టు వెంట ప్రయాణించిన ఎవరికైనా ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బార్జీ కోసం కాలువను వెడల్పు చేయాలంటే మొదట కదలాల్సింది ఈ ఇళ్లే. వీటిలో చాలామందికి పట్టా లేదు. అంటే నష్టపరిహారం లెక్క మొదలయ్యే చోటే వారి పేరు గల్లంతవుతుంది.

కాలువలో నీరు ఎవరిది

2 మీటర్ల లోతు అన్నది వినడానికి చిన్న మాట. డెల్టా కాలువల్లో అది ఏడాది పొడవునా ఉండాలంటే మొత్తం సాగునీటి పద్ధతే తిరగరాయాలి. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరిచ్చే ఈ కాలువలను ప్రతి వేసవిలో కట్టేస్తారు. పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, లాకులు, తూములు మరమ్మతు చేయడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. వానకాలపు సార్వా పంటకు నీటి కరువు ఉండదు గాని రెండో పంట దాళ్వాకు ఏటా వెతుకులాటే. గోదావరిలో సహజ ప్రవాహం పడిపోగానే సీలేరు జలవిద్యుత్ కేంద్రం నుంచి వదిలే నీటి కోసం డెల్టా మొత్తం ఎదురుచూస్తుంది. అదీ చాలకపోతే వంతులవారీ పద్ధతి పెడతారు. కొన్ని రోజులు ఈ కాలువకు, కొన్ని రోజులు ఆ కాలువకు నీరు తిప్పుతూ శివారు పొలాలను గట్టెక్కించే ప్రయత్నం చేస్తారు.

బార్జీకి వంతు అంటే ఏమిటో తెలియదు. వంతు లేని రోజుల్లో దారి ఎండిపోతే అది ఉన్నచోటే నిలిచిపోతుంది. అలా నిలిచిపోయే దారి మీద సరుకు పంపడానికి ఏ వ్యాపారీ ఒప్పుకోడు. అప్పుడు ఉన్న దారులు రెండే. దాళ్వా నీటిలో కొంత భాగాన్ని కాలువను నింపి ఉంచడానికి కేటాయించాలి, లేదా కాలువను ఇంకా లోతుగా తవ్వి కొద్దిపాటి నీటిలోనే లోతు నిలబెట్టాలి. రెండోది మేలనిపిస్తుంది గాని, కాలువ అడుగు దిగిపోతే పక్క పొలాలకు నీరు పారించే తూములు నీటిమట్టానికి పైన ఉండిపోతాయి. ఆ నీటిని తిరిగి పైకి ఎత్తడానికి మోటారు పెట్టుకోవాల్సింది రైతే. చాలా సందర్భాల్లో ఆ రైతు కౌలుదారు. దీనికితోడు లాకు తెరిచిన ప్రతిసారీ ఒక లాకు నిండా నీరు దిగువకు పోతుంది. వర్షాకాలంలో ఎవరూ పట్టించుకోని ఆ నీరు మార్చి నెలలో శివారు రైతుకు ప్రాణసమానం.

అయితే ఒక్క లాభం ఒప్పుకోవాలి. గుర్రపుడెక్క అల్లుకుపోయి ఊపిరాడక ఉన్న కాలువల్లో పడవలు తిరిగితే, వాటి కోసమైనా కాలువ శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు ఆ పని ఏటా సీజన్‌కు ముందు హడావుడిగా జరుగుతోంది.

అల చేసే పని

నీటిలో కదిలే పెద్ద పడవ తన బరువంత నీటిని పక్కకు నెడుతుంది. విశాలమైన నదిలో ఆ నీరు ఎటో ఒకవైపు సర్దుకుంటుంది. ఇరుకు కాలువలో దానికి దారి లేదు కనుక పడవ పక్కల నుంచి వెనక్కి పరుగెత్తుతుంది. ఆ పరుగులో గట్టు వెంట నీటిమట్టం ఒక్కసారిగా దిగిపోతుంది. పడవ దాటగానే అదే నీరు తిరిగి పైకి ఎగదన్నుతుంది. మామూలు కంటికి ఇది చిన్న కెరటంలా కనిపించినా గట్టు మట్టికి జరిగేది వేరు. నీరు దిగిన క్షణంలో, తడిసి బరువెక్కిన మట్టికి ఎదురు నిలిచే ఒత్తిడి లేక పొర జారుతుంది. తర్వాత వచ్చిన అల ఆ జారిన మట్టిని కడుక్కుపోతుంది. ఇలా రోజుకు పదిసార్లు జరిగితే ఒక పంటకాలంలోనే గట్టు అంచు కనిపించేంతగా వెనక్కి జరుగుతుంది.

ఇందులో వేగమే ప్రధానం. నీటి లోతును బట్టి అల ప్రయాణించగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. 2 మీటర్ల లోతులో అది సెకనుకు 4.4 మీటర్లు, అంటే గంటకు సుమారు 16 కిలోమీటర్లు. పడవ వేగం ఆ హద్దుకు దగ్గరపడే కొద్దీ అల ఎత్తు అదుపు తప్పి పెరుగుతుంది. అల శక్తి ఎత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక 10 సెంటీమీటర్ల అల కన్నా 30 సెంటీమీటర్ల అల తొమ్మిది రెట్ల శక్తితో గట్టును కొడుతుంది. వేగం కొద్దిగా తగ్గించినా నష్టం బాగా తగ్గుతుందన్నది ఇందులో ఉన్న మంచి వార్త. వేగం తగ్గితే సరుకు చేరే సమయం పెరిగి వ్యాపారికి లాభం తగ్గుతుందన్నది చేదు వార్త.

నది నడుమ ఒండ్రుతో ఏర్పడిన గోదావరి లంకలకు కోత కొత్తేమీ కాదు. వరద వచ్చిన ప్రతిసారీ ఒండ్రు గట్లు విరిగి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా నదిలో పడటం కోనసీమలో ఏటా చూసేదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ముందు పడవ అల ఏపాటిదని కొందరు ఇంజినీర్లు తీసిపారేస్తారు. ఆ పోలిక సరైనది కాదు. వరద కోసిన చోటును నది మరో చోట మెరకగా పోసి బాకీ తీర్చుకుంటుంది. అలా పుట్టిన కొత్త లంక మీద మళ్లీ కూరగాయలు, పొగాకు, అరటి వేస్తారు. పడవ దారి కోసం నిలకడగా ఉంచిన మార్గంలో ఆ కొత్త మెరక పుట్టిన మరుక్షణం నది అడుగు తవ్వే యంత్రం, డ్రెడ్జర్, దాన్ని తోడేస్తుంది. కోత మిగులుతుంది, మేట మిగలదు. ఎగువన వరుస ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు ఇప్పటికే తగ్గిపోయిన కాలంలో ఈ తేడా చిన్నది కాదు.

డ్రెడ్జర్ మాట వచ్చింది కనుక మరొక వృత్తిని కూడా చెప్పాలి. రాజమహేంద్రవరం, కొవ్వూరు పరిసరాల్లో పడవల మీద వెళ్లి, నదిలో మునిగి బకెట్లతో ఇసుక తీసి గట్టుకు చేర్చే కూలీలున్నారు. బోట్స్‌మెన్ సొసైటీల పేరుతో వారికి ఆ పని దక్కింది. ఇసుకను గొట్టాలతో పీల్చే యంత్రం ఒక్క పూటలో వారి వారం పని చేసేస్తుంది. నది అడుగును రవాణా కోసం తవ్వడం మొదలైతే ఆ తవ్విన ఇసుక ఎవరికి చెందుతుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు ముందే రాసి పెట్టకపోతే, రవాణా పేరుతో ఇసుక వ్యాపారం సాగుతోందన్న అనుమానం తప్పదు.

ఎర్రనీటి నెలల్లో

పాయల్లో నేడు పెద్ద బార్జీల రాకపోకలు లేవు. కాని సముద్రం నుంచి సరుకు నదిలోకి రావాలన్నా, నది నుంచి సముద్రంలోకి పోవాలన్నా నది సముద్రంలో కలిసే మొగ, పాయ తప్ప మరో దారి లేదు. నది, సముద్రం కలిపి నడిచే నౌకల గురించి ప్రణాళికలు రాసేవారు ఎప్పటికైనా వశిష్ఠ మీదో గౌతమి మీదో వేలు పెట్టక తప్పదు. అందుకే అక్కడి వేట ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి.

జులైలో వరద ఎర్రనీరు దిగగానే సముద్రంలోని విలసలు అంతర్వేది, యానాం వైపు నుంచి మంచినీటికి ఎదురెక్కుతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చే ఈ చేపే గోదావరిలో పులస. సెప్టెంబరు దాకా సాగే ఈ వేటకు నావ మీద ఇద్దరు చాలు. ఒకరు తెడ్డు వేస్తూ నావను అడ్డంగా నడుపుతుంటే రెండోవారు వల వదులుతారు. పైతాడుకు బెండ్లు, అడుగుతాడుకు సీసపు గుళ్లు ఉన్న ఆ సన్నని వల నీటిలో తెరలా నిలబడుతుంది. ఒక కొస నావకు కట్టి ఉంటుంది, రెండో కొస దూరంగా తేలుతూ ఉంటుంది. వల, నావ రెండూ కలిసి నీటివాలున మెల్లగా జారిపోతాయి. చేప తలదూర్చి చిక్కిందా లేదా అన్నది బెండు కదలిక చూసి తెలుసుకుంటారు. పాయ వెడల్పులో చాలా భాగాన్ని ఇలా జారే వలలే ఆక్రమించి ఉంటాయి. ఎదురుగా పెద్ద పడవ వస్తే వలను చుట్టుకోవడానికి వ్యవధి కావాలి. నిండుగా సరుకున్న బార్జీ ఆగాలంటే కొన్ని వందల మీటర్లు కావాలి. రాత్రి వేళ అయితే ఇద్దరికీ రెండోవాడు కనిపించడు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పాయల్లో పెద్ద పడవకు తగినంత లోతు సహజంగా ఉండేది కూడా ఎర్రనీటి నెలల్లోనే. అంటే తవ్వకం ఖర్చు లేకుండా బార్జీ నడిచే కాలం, పులస వేట కాలం ఒకటే. వేసవిలో పాయలో నావలకు పెద్దగా పని ఉండదు, బార్జీకి నీరు ఉండదు. ఇద్దరూ ఒకే కొద్ది నెలల మీద కన్ను వేసినప్పుడు, ఇద్దరిలో ఎవరికి ముందు దారి అన్నది ప్రకృతి తేల్చదు; నిబంధన తేల్చాలి. మన దేశంలో 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం పడవల నమోదు, భద్రత, సిబ్బంది అర్హతల గురించి వివరంగా మాట్లాడుతుంది. వలకు, పడవకు మధ్య తగవు వస్తే ఎవరిది తప్పని తేల్చడానికి రేవు స్థాయిలో నమ్మదగిన యంత్రాంగం మాత్రం కనిపించదు.

ఇది ఊహ అనుకోనక్కరలేదు. గంగానదిలో జాతీయ జలమార్గం-1 మీద ఫరక్కా విద్యుత్ కేంద్రానికి బొగ్గు బార్జీలు నడిచినప్పుడు, వలలు తెగిపోతున్నాయని దిగువ పశ్చిమ బెంగాల్ మత్స్యకారులు ఫిర్యాదు చేశారు. అక్కడ వేటాడేదీ ఇదే చేప. 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక ఎగువ గంగలో ఆ చేప ఎలా తగ్గిపోయిందో జాలర్లకు ముందే తెలుసు. మన దగ్గర ఆ పని అంతకు శతాబ్దం ముందే జరిగింది. 175 గేట్లతో 1982లో పూర్తయిన నేటి బరాజ్ గాని, దానికి ముందున్న కాటన్ ఆనకట్ట గాని పులస దారిని ధవళేశ్వరం దగ్గరే ఆపేశాయి. డెల్టా రైతుకు అన్నం పెట్టిన కట్టడమే ఎగువ జాలరికి చేపను దూరం చేసింది. మిగిలిన ఆ కొద్దిపాటి దారిలోనూ ఇంజన్ల రొద, కలక నీరు పెరిగితే, హెర్రింగ్ కుటుంబానికి చెందిన ఈ చేపలు శబ్దాన్ని చురుగ్గా గ్రహించేవి కనుక, వాటి రాక ఎలా మారుతుందో పడవలు దిగకముందే పరిశీలించడం అవసరం.

పంటుల సంగతి కూడా ఇక్కడిదే. నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో మనుషులను, మోటారు వాహనాలను దాటించే పంటులు నదిని అడ్డంగా దాటుతాయి, బార్జీ నిలువుగా పోతుంది. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక అక్కడి రేవు పని పోయినట్టే మిగిలిన రేవులకూ ఏదో ఒక రోజు వంతెనలు వస్తాయి. అందువల్ల ఈ వృత్తికి బార్జీ పెద్ద శత్రువని నేను అనుకోను.

ఉప్పు, మొగ, అఖాతం

బరాజ్ కింద వేసవిలో నదికి వదిలే నీరు నామమాత్రం. ఆ కాలంలో పోటు నీరు పాయల్లో చాలా దూరం లోపలికి వస్తుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా సుమారు 2.5 శాతం బరువు కనుక అది నది అడుగు వెంట పాకుతుంది, అడ్డుగా ఉన్న ఇసుక మెరకల దగ్గర ఆగుతుంది. పడవ దారి కోసం ఆ మెరకలను తవ్వేస్తే ఉప్పుకు ఉన్న గడప తీసేసినట్టే. లంక గ్రామాల బోర్లు, తీరం దగ్గరి వరిచేలు ఆ నీటి రుచి మొదట చూస్తాయి. వరి పోయినచోట రొయ్యల చెరువు వస్తుంది. ఆ మార్పు ఒకసారి జరిగితే వెనక్కి రాదు.

అలాగని తవ్వకమంటేనే మత్స్యకారులకు గిట్టదనుకోవడం పొరపాటు. భైరవపాలెం, అంతర్వేది వైపు మొగలు పూడిపోయి, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో బోట్లు ఇసుక దిబ్బల మీద తన్నుకుంటున్నాయని, మొగ తవ్వించాలని వారే ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వారికి కావలసింది కొద్దిపాటి లోతు, అదీ మొగ దగ్గర. పెద్ద పడవకు కావలసింది పాయ పొడవునా లోతు. ‘డ్రెడ్జింగ్’ అన్న ఒకే పద్దు కింద ఈ రెండూ కలిసిపోతాయి, నిధులు ఎప్పుడూ రెండోదానికే ముందు దొరుకుతాయి.

పెద్ద నౌకలు నిజంగా ఉన్న చోటు కాకినాడ. హోప్ ద్వీపం అడ్డుగా ఉండటం వల్ల నిశ్చలంగా ఉండే ఈ అఖాతంలో నౌకలు లంగరు వేసుకుని నిలబడితే, జగన్నాథపురం ఉప్పుటేరు నుంచి బార్జీలు బియ్యం బస్తాలు మోసుకుని వెళ్లి వాటికి ఎక్కిస్తాయి. 1997లో లోతైన రేవు వచ్చాక కూడా ఈ లంగరు రేవు ఆగలేదు. అదే ఉప్పుటేటిలో చేపల పడవలూ ఉంటాయి. పోటు కోసం కాచుకున్న బార్జీని టగ్గు లాక్కుపోతుంటే, వేట నుంచి తిరిగివచ్చే ఫైబర్ బోట్లు గట్టుకు నక్కి దారి ఇస్తాయి. బార్జీల మీద బస్తాలు ఎత్తే జట్టు కూలీల్లో, వాటి సిబ్బందిలో తీరగ్రామాల కుర్రాళ్లూ ఉన్నారు. నౌకాయానం ఒక ఇంటి నుంచి వేటను తీసుకుని అదే ఇంటికి కూలిని ఇస్తుందన్నది ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. వేటలో పెట్టుబడీ నష్టమూ తనవి, కాని పడవా తనదే. కూలిలో నష్టం లేదు, పడవ మాత్రం తనది కాదు.

అఖాతానికి ఆనుకుని 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన కోరింగ అభయారణ్యం ఉంది. మడ చెట్ల వేళ్ల మధ్య మండపీతలు పట్టేవారు, బురదలో గుల్ల ఏరేవారు, చిన్న వలలతో రొయ్య పిల్లలు తీసేవారు ఆ ఏర్ల మీద ఆధారపడ్డారు. నౌకల నుంచి కారే నూనె, ఇంజన్ గదుల మురికినీరు మొదట తాకేది ఈ బురదనే. దూరదేశాల నౌకలు నిలకడ కోసం అడుగున నింపుకుని తెచ్చే బ్యాలస్ట్ నీటితో పరదేశీ జీవులు దిగే ప్రమాదం కూడా ఉంది. దీన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ మత్స్యకారులకే వదిలేయాలన్న నియమం రాష్ట్రంలో ఉన్నా, అది మరపడవల వేటకు సంబంధించినది. సరుకు నౌకలకూ, గ్యాస్ బావుల పనుల మీద తిరిగే నౌకలకూ అది అడ్డు కాదు.

లెక్కలో ఎవరున్నారు

ఒక టన్ను సరుకును కిలోమీటరు దూరం తరలించడానికి రోడ్డు మీద రూ. 2.50, రైలులో రూ. 1.36, నీటి మీద రూ. 1.06 అవుతుందన్న లెక్క ప్రభుత్వ పత్రాల్లో తరచూ కనిపిస్తుంది. లెక్క తప్పని చెప్పలేము. అందులో గట్టు మరమ్మతు ఖర్చు, తెగిన వల ధర, శివారు రైతు మోటారు బిల్లు లేవు. రైలుకూ నీటికీ ఉన్న తేడా 30 పైసలు మాత్రమే అన్నది గమనిస్తే, ఈ ఖర్చుల్లో కొద్ది భాగం కలిపినా ఆ తేడా ఎంత నిలుస్తుందన్న సందేహం సహజం. రోడ్డుతో పోలిస్తే మాత్రం నీరు ఇప్పటికీ చవకే. అందుకే రాజమహేంద్రవరం ఎగువన లోతున్న నదిలో బార్జీలు తిరగడాన్ని నేను కాదనను. పోలవరం వద్ద ఆనకట్టను దాటించే నౌకామార్గం పూర్తయితే ఆ ఉపయోగం ఇంకా పెరుగుతుంది. కాలువలను బార్జీల కోసం విప్పి కట్టడమే నాకు సమ్మతం కాదు. ఉన్న లోతులో తేలే, నడక వేగానికి కొంచెం ఎక్కువగా పోయే చిన్న పడవలు డెల్టాకు చాలు. అవి కొబ్బరి, ఇటుక, ధాన్యం మోయగలవు, లాకులు బాగుచేస్తే సరిపోతుంది.

పాయల విషయంలో అడగాల్సింది కూడా పెద్దదేమీ కాదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ అవుతాయి. ఆ రోజుల్లో పడవలు ఎటూ ఆగిపోతాయి. పులస కాలంలో మిగిలిన రోజుల్లో కూడా రాత్రివేళ రాకపోకలు ఆపేస్తే వ్యాపారికి పోయేది కొంతే, జాలరికి దక్కేది అతని ఏడాది సంపాదనలో పెద్ద భాగం. తెగిన వలకు అక్కడికక్కడే డబ్బు ఇచ్చే నిధి ఒకటి పడవ యజమానుల రుసుంతోనే ఏర్పాటు చేయవచ్చు.

ఇదంతా జరగాలంటే నదిలో ఎవరు వేటాడుతున్నారో, ఎక్కడ వల వేస్తున్నారో కాగితం మీద ఉండాలి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు భృతి ఇవ్వడానికి మత్స్యశాఖ బోటువారీగా పేర్లు నమోదు చేస్తుంది కనుక సముద్ర మత్స్యకారుడికి ఒక జాబితాలో చోటు ఉంది. పాయలో నావ మీద వేటాడేవాడు ఆ జాబితాలోకి రాడు. బియ్యపుతిప్ప నుంచి ధవళేశ్వరం దాకా రేవు రేవునా నావలు, వలలు, వేట చోట్లు రాసిన దస్త్రం డ్రెడ్జర్ దిగకముందే తయారు కావాలి. దిగిన తర్వాత రాసే ఏ జాబితా అయినా అప్పటికి మిగిలినవారిదే అవుతుంది.